పంచదారకు రెక్కలు

సారె పళ్ళేలు వరుసగా సర్దిన ఇంటికి వెళ్ళి చూడండి. మైసూర్‌పాక్‌లో నెయ్యి ఉంటుంది, శనగపిండి ఉంటుంది. అరిసెలో బియ్యప్పిండి, బెల్లం, పైన అద్దిన నువ్వులు ఉంటాయి. కాజాలో మడత మడతకీ పాకం ఉంటుంది. వాటి పక్క పళ్ళెంలో గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో బారులు తీరిన చిలకల్లో మాత్రం పంచదార తప్ప ఇంకేమీ లేదు. ముక్కు కొరికినా తీపే, తోక కొరికినా అదే తీపి. అయినా పిల్లల కళ్ళు ముందుగా వాలేది ఆ పళ్ళెం మీదే. సారె పంచుతుంటే లడ్డూ తగ్గిందని అడగడానికి మొహమాటపడే పొరుగింటావిడ కూడా "మాకు చిలక రాలేదే, వదినా" అని నోరు విడిచి అడుగుతుంది.

ఆ అడగడం రుచి కోసం కాదు. డబ్బాలో రోజూ కనపడే పంచదారే ఇక్కడ పిట్టగా మారి వచ్చింది. ఎవరో కూర్చుని, పొయ్యి ముందు ఓపిక పట్టి, దానికి ముక్కూ రెక్కా తోకా పెట్టి పంపారు. ఇచ్చిన వస్తువు విలువ అందులో వేసిన సరుకును బట్టి ఉంటుందనుకునే లెక్క పంచదార చిలక దగ్గర చెల్లదు. ఇందులో సరుకు ఎంత తక్కువో, చెయ్యి పనితనం అంత ఎక్కువ. ఆ పనితనం మన ఇళ్ళలోంచి దుకాణాలకు పోయింది. దుకాణాల్లోనూ ఇప్పుడు ముందే చెప్పి చేయించుకోవలసిన వస్తువైపోయింది. తిరిగి ఇంటికి తెచ్చుకోవడానికి ఇంతకంటే సులువైన విద్య ఇంకొకటి లేదని గట్టిగా నమ్మి రాస్తున్న మాటలివి. కావలసింది కిలో పంచదార, కొన్ని నీళ్ళు, రెండు చెంచాల పాలు, ఒక చెక్క అచ్చు, ఒక మధ్యాహ్నం.

తెలుగునాట ఈ తీపి బొమ్మల దారులు చాలా ఉన్నాయి. గోదావరి జిల్లాల తీర్థాల్లో జీళ్ళు, ఖర్జూరాల పక్కన చిలకలు గుట్టలుగా పోసి అమ్మేవారు. ఉత్తరాంధ్ర సంబరాల్లోనూ అంతే. పెళ్ళి సారెలోనూ, సీమంతానికి పుట్టింటి నుంచి వచ్చే సారెలోనూ చలిమిడి తర్వాత వెతికేది చిలకల కోసమే. తెలంగాణలో చక్కెర బిళ్ళలను దారానికి గుచ్చి హోళీకి పిల్లల మెడలో వేస్తారు. శక్కెర పేర్లు అంటారు వాటిని. ఎండుకొబ్బరి కుడుకల పేర్లు కూడా ఆ పూటే మెడకెక్కుతాయి. పొరుగున కర్ణాటకలో సంక్రాంతి నాడు ఆడపిల్లలు పళ్ళెంలో నువ్వులు, బెల్లం, కొబ్బరి, వేరుశనగలు కలిపిన పొట్లాలతో పాటు సక్కరె అచ్చులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. చిలక, కోడి, చేప, ఏనుగు, తులసికోట, గుడి గోపురం, అన్నీ తెల్లటి పంచదారలో. ఆ రాష్ట్రంలో ఇంకా చాలా ఇళ్ళలో వీటిని ఆడవాళ్ళే సొంతంగా పోసుకుంటారు. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్ని అక్కడే ఈ పని నేర్చుకున్నాయి. ఉత్తరాదిన దీపావళి పూజలో పేలాలు, బతాసాలతో పాటు పంచదార ఏనుగులూ గుర్రాలూ ఉండాలి. చక్కెర బొమ్మలనే పేరుతోనే అమ్ముతారు అక్కడ.

ఇన్ని చోట్ల ఇన్ని పేర్లున్నా పద్ధతి మాత్రం ఒకటే. అదును చూసి పాకం దించడం, తడిపిన చెక్క అచ్చులో పోయడం. చెప్పడానికి రెండు మాటలు. చేతికి రావడానికి కొంచెం కూర్చోవాలి.

అచ్చు తడి, పాకం అదును

ముందుగా అచ్చు గురించి. మంచి అచ్చు టేకు చెక్కతో చేసినదై ఉంటుంది. రెండు, ఒక్కోసారి మూడు పలకలు. ఒక్కో పలక లోపలి వైపు బొమ్మలో సగం చెక్కి ఉంటుంది. పలకలు కలిపితే లోపల పూర్తి చిలక ఆకారంలో ఖాళీ మిగులుతుంది. బొమ్మ నిలబడే అడుగు వైపు తెరిచి ఉంటుంది, పాకం పోసేది అక్కడినుంచే. ముందురోజు రాత్రే అచ్చును నీళ్ళలో మునిగేలా నానబెట్టాలి. పొడి చెక్కలో పోస్తే పాకం చెక్క పీచులోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. ఇక తెరిస్తే చిలక సగం అచ్చులోనే ఉండిపోతుంది. నానిన చెక్క పాకాన్ని పీల్చుకోదు. పైనుండే సన్నని తడిపొర బొమ్మను చెక్కకు అంటనివ్వదు. అలాగని లోపల నీళ్ళు నిలవకూడదు. వాడే ముందు పొడిగుడ్డతో గాట్లలో నీటిబొట్లు తీసేసి, పలకలు కదలకుండా రబ్బరు బ్యాండ్లతోనో గట్టి దారంతోనో బిగించి, నోరు పైకి వచ్చేలా బల్ల మీద పేర్చుకోవాలి. పాకం పొయ్యి మీదికి ఎక్కకముందే ఇదంతా అయిపోవాలి. తర్వాత అచ్చు వెతుక్కునే తీరిక ఉండదు.

కిలో పంచదారలో అది మునిగేంత, రమారమి 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. పంచదార పూర్తిగా కరిగి మరగడం మొదలయ్యాక రెండు చెంచాల పాలు వేస్తే మురికి తెట్టులా పైకి తేలుతుంది. పాలలోని మాంసకృత్తులు వేడికి విరిగి, సన్నని నలకలను తమతో పాటు పట్టుకుని పైకి వస్తాయి. ఆ తెట్టు తీసేసి, పాకాన్ని పలుచని నూలుగుడ్డలో వడకట్టాలి. ఈ ఒక్క పని మానేస్తే చిలక బూడిదరంగులోకి పోతుంది. తెల్లటి చిలక కావాలంటే ఈ పని రెండుసార్లు చేయాలి.

ఇప్పుడు అసలు సంగతి. వడకట్టిన పాకం మొత్తాన్ని ఒక్కసారే ఉడికించకూడదు. ఒక టీకప్పు పాకాన్ని మందపాటి చిన్న గిన్నెలోకి తీసుకుని, అంతవరకే పెద్దమంట మీద మరగనివ్వాలి. బుడగలు మొదట గలగలమని పెద్దవిగా వస్తాయి, పోనుపోను చిన్నవై చిక్కబడతాయి. చల్లటి నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కావాలి. అరిసెలకూ చలిమిడికీ పాకాలు పట్టిన చేతులకు ఈ ఉండపాకం వేరే నేర్పక్కర్లేదు. థర్మామీటరు ఉన్నవాళ్ళకు గుర్తు 115 నుంచి 118 డిగ్రీల సెల్సియస్. అక్కడ దించెయ్యాలి. దించగానే చెక్కగరిటెతో గిన్నె గోడకేసి రుద్దుతూ తిప్పాలి. అద్దంలా ఉన్న పాకం అంచుల్లో మొదట మసకబారుతుంది, తర్వాత ఆ మసక గిన్నెంతా పాకుతుంది. పాలరంగు తిరిగీ తిరగగానే అచ్చులోకి పోసెయ్యాలి. ఈ అదును ఎక్కువసేపు ఆగదు. తొందరపడి పారదర్శకంగా ఉన్నప్పుడే పోస్తే చిలక గట్టిపడక జిగురుగా వేళ్ళకు అంటుకుంటుంది. ఆలస్యమైతే గిన్నెలోనే రాయైపోతుంది. అలా అయిందని బెంగపడనక్కర్లేదు. రెండు చెంచాల నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెడితే కరుగుతుంది, మళ్ళీ మొదలుపెట్టచ్చు.

పోసిన పది నిమిషాల్లో దారం విప్పి పలకలు మెల్లగా విడదీస్తే చిలక నిలబడి ఉంటుంది. పలకల సందుల్లోకి కారిన పలుచటి పొరలను సన్నని చాకుతో గీకి, గాలి తగిలేలా పళ్ళెంలో కొన్ని గంటలు ఆరనివ్వాలి. పెద్ద బొమ్మలైతే ఇంకో కిటుకుంది. అచ్చు గోడల వెంబడి పాకం గట్టిపడి, లోపల ఇంకా జారుగా ఉండగానే అచ్చును గిన్నెలోకి వంచేస్తే లోపలిది బయటికి కారిపోయి బోలు బొమ్మ మిగులుతుంది. బరువు తగ్గుతుంది, కొరకడానికీ వీలుగా ఉంటుంది.

ఇదెలా జరుగుతుందో తెలుసుకుంటే చేతికి ధైర్యం వస్తుంది. మామూలు వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్ళు 200 గ్రాముల పంచదారను కరిగించుకుంటాయి. మరిగే నీళ్ళయితే దాదాపు 490 గ్రాములను కరిగించుకుంటాయి. మనం మరిగించి నీళ్ళను ఆవిరి చేసేకొద్దీ పాకంలో పంచదార వాటా ఇంకా పెరుగుతుంది. 115 డిగ్రీల దగ్గర అది బరువులో 85 శాతం దాటుతుంది. చల్లారడం మొదలవగానే అంత పంచదారను పట్టి ఉంచే శక్తి ఆ కాసిని నీళ్ళకు ఉండదు. మిగులు పంచదార తిరిగి పలుకు కట్టక తప్పదు. కదపకుండా వదిలేస్తే పెద్ద పలుకులుగా కడుతుంది, కలకండ తయారయ్యేది అలాగే. గరిటెతో రుద్దితే లెక్కలేనన్ని సన్నటి పలుకులు ఒక్కసారిగా పుడతాయి. ఆ పలుకులు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్లే గాజులాంటి పాకం పాలలా తెల్లబడుతుంది. చిలక నునుపంతా ఆ రుద్దుడులో ఉంది.

అందుకే చిలకల పాకంలో నిమ్మరసం పిండకూడదు. కాజాలకూ జిలేబీకీ నిమ్మరసం వేసేది పాకం పలుకు కట్టకుండా ఉండటానికి. పులుపు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొడుతుంది. అవి మధ్యలో అడ్డుపడి పలుకును ఎదగనివ్వవు. జిలేబీకి వరమైనది చిలకకు శాపం. బెల్లంతో చిలకలు పోయచ్చా అని చాలామంది అడుగుతారు. పోయచ్చు గానీ ముక్కు అంత కొనదేలదు, రెక్క గీతలు అంత స్పష్టంగా పడవు. బెల్లంలో అలా విడిపోయిన చక్కెరలు ముందే ఉంటాయి, గాలిలోని తేమనూ అవి తొందరగా లాగుతాయి. బెల్లానికి అచ్చుబెల్లం దిమ్మలో ఉన్న అందం వేరు, చిలకకు పంచదారే సరి.

తేమ సంగతి వచ్చింది కాబట్టి కాలం గురించి ఒక మాట. ఈ పని ఎక్కువచోట్ల దీపావళి నుంచి హోళీ దాకా, మధ్యలో సంక్రాంతికి ముడిపడి ఉండటం ఊరికే కాదు. గాలి పొడిగా ఉండే నెలలివి. ముసురుపట్టిన శ్రావణంలో పెళ్ళికి చిలకలు పోయవలసివస్తే ఆరిన వెంటనే బిగుతు మూత డబ్బాలో, మధ్య మధ్య కాగితం వేసి సర్దాలి. పొడిగా ఉన్నంతకాలం పంచదార చెడదు. చీమలకు అందకుండా చూసుకోవడం ఒక్కటే కష్టం.

కైరో దుకాణాల్లో పిల్లులు

అల్ మక్రీజీ అనే ఈజిప్టు చరిత్రకారుడు 1364లో పుట్టి 1442లో కన్నుమూశాడు. కైరో నగరం గురించి రాసిన పెద్ద గ్రంథంలో అక్కడి మిఠాయి బజారును వర్ణించాడు. పండుగ రోజుల్లో దుకాణాల ముందు గుర్రాలు, సింహాలు, పిల్లుల ఆకారంలో పోసిన పంచదార బొమ్మలను దారాలు కట్టి వేలాడదీసేవారట. పిల్లలకు వాటిని కొనివ్వని ఇల్లు ఉండేది కాదంటాడు. ఈజిప్టులో ఇప్పటికీ ప్రవక్త జన్మదినం వస్తే మగపిల్లలకు పంచదార గుర్రం, ఆడపిల్లలకు కాగితపు అలంకారాలు చేసిన పంచదార బొమ్మ ఇస్తారు. ఈ రోజుల్లో ఆ బొమ్మ చాలా చోట్ల ప్లాస్టిక్‌లోకి మారిపోయింది. పాతపద్ధతిలో పోసేవాళ్ళు మాత్రం చెక్క అచ్చులను నీళ్ళలో నానబెట్టే పోస్తున్నారు. నైలు ఒడ్డునా గోదావరి ఒడ్డునా చెక్కకూ పంచదారకూ మధ్య కుదిరిన ఒప్పందం ఒక్కటే కావడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

మెక్సికోలో చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగ నవంబర్ మొదటి రెండు రోజుల్లో వస్తుంది. దానికి ముందు తొలూకా ఊళ్ళో పంచదార బొమ్మలకే ప్రత్యేకంగా సంత జరుగుతుంది. లోకమంతా ఎరిగినవి పంచదార కపాలాలే గానీ, ఆ సంతలో గొర్రెపిల్లలూ బాతులూ లేళ్ళూ కూడా బల్లల నిండా ఉంటాయి. పెద్దలను తలుచుకునే పీఠం మీద వాటినీ పెడతారు.

జపాన్ వాళ్ళు పూర్తిగా వేరే దారి పట్టారు. అక్కడి అమెజైకు కళలో అచ్చే లేదు. పిండిపదార్థం నుంచి తీసిన చక్కెర పాకాన్ని వేడిగా ఉండగానే పుల్లకు ముద్దగా చుట్టి, చేత్తో లాగి, చిన్న కత్తెరతో కత్తిరించి గోల్డ్‌ఫిష్‌లు, కప్పలు, కుందేళ్ళు చేస్తారు. కొద్ది నిమిషాల్లో అది చల్లబడి బిగుసుకుపోతుంది, ఈలోగా చేప మొప్పలూ పొలుసులూ తేలాలి. ఆ పాకం పలుకు కట్టదు, గాజులా పారదర్శకంగా మిగులుతుంది. చైనాలో వీధి పనివాళ్ళు అలాంటి పాకాన్నే సన్నని గొట్టంలా లాగి నోటితో ఊది కోడిపుంజులూ ఎలుకలూ చేస్తారు. చూడటానికి అద్భుతం. కానీ వేడి పాకాన్ని ఉత్త వేళ్ళతో పట్టుకునే ఆ విద్యకు ఏళ్ళ సాధన కావాలి. ఇంట్లో చెయ్యదగినది, అమ్మ దగ్గర కూతురు ఒక్క పండుగలో నేర్చుకోగలిగినది మన అచ్చు పద్ధతే.

అచ్చు దొరక్కపోతే? పాత ఇళ్ళలో అటక మీద కజ్జికాయల చెక్క, మురుకుల గొట్టం ఉన్నచోట వెతికితే కొన్నిసార్లు చిలకల అచ్చూ కనపడుతుంది. ఒక పలక చీలి ఉన్నా పారెయ్యకండి, వడ్రంగికి చూపించండి. కొత్తవి సంక్రాంతి ముందు బెంగళూరు, మైసూరు బజార్లలో దొరుకుతాయి, ఇంటర్నెట్‌లోనూ అమ్ముతున్నారు. సిలికాన్ అచ్చులు వాడితే తప్పా అంటే తప్పేం కాదు. నానబెట్టే పనిలేదు, బొమ్మ సులువుగా ఊడివస్తుంది. అయితే వాటిలో చాలావాటికి అడుగు చదునుగా ఉంటుంది, బొమ్మ ఒక వైపే తేలుతుంది, వెనక బల్లపరుపుగా మిగులుతుంది. రెండు వైపులా రెక్కలున్న చిలక నిలబడి మిమ్మల్ని చూడాలంటే పలకల అచ్చే కావాలి. నా ఓటు చెక్కకే. వాడిన తర్వాత దాన్ని వేడినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. సబ్బు పెట్టకూడదు, ఎండలో పడేస్తే పగులుతుంది. ఈ మాత్రం చూసుకుంటే ఆ అచ్చు మనవరాలి చేతికీ వస్తుంది.

రంగు విషయంలో గట్టిగా ఒక మాట చెప్పాలి. ఊరేగింపుల్లో, సంతల్లో కనపడే కళ్ళు చెదిరే గులాబీ రంగు వెనక కొన్నిసార్లు రోడమిన్-బి ఉంటుంది. అది బట్టలకు వేసే రంగు, తిండిలో నిషిద్ధం. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని ఆపించింది ఈ రంగు బయటపడ్డాకే. తిండిలో వేయడానికి మన చట్టం అనుమతించిన కృత్రిమ రంగులు 8 మాత్రమే, వాటికీ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దుంది. ఇంట్లో చేసుకునేటప్పుడు ఆ హద్దు దాకా పోవలసిన అవసరమేముంది? చిటికెడు పసుపు చాలు, చక్కటి నిమ్మపండు రంగు వస్తుంది. కుంకుమపువ్వు నాలుగు రేకలు చెంచాడు పాలలో నానబెట్టి కలిపితే రంగూ వాసనా రెండూ. బీట్‌రూట్ రసం మరిగే పాకంలో పోస్తే వేడికి వన్నె తగ్గుతుంది, దానిలోని నీరు పాకాన్ని పలచన చేస్తుంది. పాలకూర పచ్చదనం కూడా వేడి తగలగానే మాసిపోతుంది. నన్నడిగితే చిలకను తెల్లగానే వదిలేసి, ఆరాక ముక్కు మీద మాత్రం పుల్లతో ఒక ఎర్రటి చుక్క పెట్టండి. అనుమతి ఉన్న రంగు ఒక్క చుక్క మొత్తం పళ్ళేనికి సరిపోతుంది, చెక్కిన రెక్కల గీతలూ తెలుపులోనే బాగా కనిపిస్తాయి.

చిన్న చేతులకు

మరుగుతున్న పాకం నీళ్ళకంటే వేడిగా ఉంటుంది, చర్మానికి అంటుకుని వదలదు. కాబట్టి పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళదే. పిల్లలకు అచ్చులు తుడవడం, దారాలు విప్పడం, అంచులు గీకడం, కళ్ళు దిద్దడం అప్పగించాలి. నిజానికి దారం విప్పే క్షణమే ఈ పని మొత్తానికీ పెద్ద సరదా, దాన్ని వాళ్ళకే వదిలెయ్యాలి.

బొమ్మలు వాళ్ళే చెయ్యాలంటే, వాళ్ళు పొయ్యి దగ్గరికి రానక్కర్లేని దారులు రెండున్నాయి. ఒకటి, రెండు కప్పుల సన్నపంచదారలో మూడు నాలుగు చిన్న చెంచాల నీళ్ళు చల్లి, తడి ఇసుకలా పిడికిట్లో నిలిచేదాకా చేత్తో కలిపి, చదును అడుగున్న అచ్చులో గట్టిగా అదిమి, బోర్లించి ఒక రాత్రంతా ఆరబెట్టడం. మెక్సికో కపాలాలను కూడా కొందరు ఇళ్ళలో ఇలాగే చేసుకుంటారు. మన ఇంట్లో తాబేలు, చేప, కప్ప లాంటి బొద్దు జంతువులు దీనికి బాగా కుదురుతాయి. సన్నటి తోకలూ కాళ్ళూ ఉన్నవి విరిగిపోతాయి, వాటి జోలికి పోవద్దు.

రెండోది జీడిపప్పు ముద్ద. పలాస పప్పైనా, మోరి పప్పైనా, వేటపాలెం పప్పైనా సరే, ఒక కప్పు జీడిపప్పును నూనె దిగకుండా ఆగి ఆగి మెత్తగా పొడికొట్టాలి. అరకప్పు పంచదార, పావుకప్పు నీళ్ళతో తీగపాకం పట్టి, అందులో పొడి వేసి ముద్ద దగ్గరపడేదాకా కలిపేది పెద్దవాళ్ళు. గోరువెచ్చగా అయ్యాక నెయ్యి చేత్తో బాగా మర్దించి పిల్లల ముందు పెడితే ఇక అచ్చుతో పనిలేదు. గుండ్రని ఉండకు రెండు చెవులు లాగితే కుందేలు, ఒక తొండం లాగితే ఏనుగు. మిరియం గింజలు కళ్ళు, లవంగం తోక, బాదం పలుకులు తాబేలు డిప్ప. తినేముందు మిరియాలూ లవంగాలూ ఏరి తీసెయ్యాలని వాళ్ళకు ముందే చెప్పాలి, మరీ చిన్నపిల్లలుంటే వాటి బదులు ఎండుద్రాక్ష ముక్కలు పెట్టడం మేలు. జర్మనీలో కొత్త సంవత్సరానికి అదృష్టం కలగాలని బాదం ముద్దతో చిన్న పందిపిల్లలు చేసి ఇచ్చుకుంటారు. బెంగాల్ పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకునే పళ్ళేల్లో చేప ఆకారపు సందేశ్ ఉండితీరాలి. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో కింది మెట్టు మీద పిల్లలు చేసిన ఈ జంతువుల వరుస ఒకటి ఉంటే, పేరంటానికి వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు ఇవ్వడానికీ పనికొస్తుంది.

చివరగా విరిగిన చిలకల సంగతి. మొదటి విడతలో కొన్ని తోకలు, కొన్ని ముక్కులు పోవడం మామూలే. అవేవీ వృథా కావు. తెల్లవాటిని తెల్లవాటితో, రంగువాటిని రంగువాటితో విడివిడిగా నీళ్ళలో కరిగించి మళ్ళీ పాకం పెట్టచ్చు, రంగులు కలిపేస్తే మురికి గోధుమరంగు వస్తుంది. అయితే అదే పంచదారను పదే పదే మరిగిస్తే కొంచెం కొంచెంగా పసుపురంగుకు తిరుగుతుంది, పలుకు కట్టే గుణమూ తగ్గుతుంది. రెండుసార్లు మళ్ళీ పోసి చూశాక మిగిలిన ముక్కలను డబ్బాలో వేసి పాయసానికి వాడేసుకోండి, కొలత మాత్రం మామూలు పంచదార లెక్కే.